ఇరవై నాలుగు వేలవ చెట్టు

మా పట్టణంలో కర్రలు లేవు. నేలలో పాతినది ఏదైనా సరే, మూడాకులు వేసిందంటే అది వృక్షం. ఈ మాట నేను అనడం లేదు. పురపాలక సంఘం హరిత విభాగం వారి సవరించిన సర్క్యులర్ అంటున్నది. అయితే ఆ సర్క్యులర్ పుట్టడానికి కారణం మాత్రం నేనే. ఒక అధికారి దిగులుగా కూర్చుంటే చూడలేక ఓదార్పుగా ఒక మాట అన్నాను. ఓదార్పు మాటకు అంత పరిపాలనా శక్తి ఉంటుందని నాకు తెలియదు.

ముందు చిక్కుడుపాదు సంగతి చెప్పాలి.

నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో లైబ్రరీ చూసుకుని రిటైరైనవాణ్ణి. నా భార్య హైమవతి పోయి రెండేళ్ళు దాటింది. ఆమె ఏటా పెరట్లో ఒక చిక్కుడుపాదు పెట్టేది. పచ్చటి కాయకు చుట్టూ ఊదారంగు అంచు, సన్నగా, నేత చీరకు వేసినట్టు. పెళ్ళయి వస్తూ పుట్టింటి నుంచి కొంగున ముడి వేసుకుని తెచ్చిన విత్తనం అది. ముప్ఫై ఒక్క ఏళ్ళు, ఒక్క ఏడు కూడా తప్పకుండా, కాయలు ఎండనిచ్చి, గింజలు ఒలిచి, బూడిద కలిపి ఇంగువ డబ్బాలో దాచింది.

ఆమె పోయిన ఏడు నేను విత్తనం వేయలేదు. నిరుడూ వేయలేదు. ఈసారి ఆషాఢంలో డబ్బా మూత తీస్తే పదకొండు గింజలున్నాయి. తొమ్మిది పుచ్చిపోయాయి. మిగిలిన రెండూ నాటితే ఒకటి మొలిచింది. నాకు అదే చాలనిపించింది. ఆ ఒక్క తీగ మాఘం దాకా నిలిచి, కాయలు చెట్టునే ఎండితే ఆమె విత్తనం నిలుస్తుంది. లేకపోతే లేదు. బజారులో చిక్కుడు గింజలు బోలెడు దొరుకుతాయి. ఈ అంచు ఉన్నవి దొరకవు.

పందిరికి గుంజలు కావాలి కదా. ఎదురింటి గౌరునాయుడు తన పొలం గట్టు మీది గిరిపుష్పం కొమ్మలు నాలుగు నరికి, భుజాన వేసుకొచ్చి, తనే పాతి వెళ్ళాడు. పచ్చిరొట్ట ఎరువు కోసం పొలం గట్ల మీద పెంచే చెట్టు అది. ఆకు మడిలో తొక్కితే నేలకు బలం. వానాకాలంలో దాని కొమ్మ నరికి ఎక్కడ గుచ్చినా వేరు పోసుకుంటుంది.

"తలకిందులుగా పాతినా బతికేస్తాదండి మాస్టారూ. అది సావడానికి ఒప్పుకోదు," అన్నాడు గౌరునాయుడు.

మూడు వారాలకు నాలుగు గుంజలూ చిగురించాయి. తెలిసినవాళ్ళయితే ఆ చిగుళ్ళు గిల్లేస్తారు. నేను గిల్లలేదు. లేత తీగకు కాస్త నీడ, మధ్యాహ్నం అక్కడ కుర్చీ వేసుకునే నాకూ కాస్త నీడ. ఒంటరిగా ఉన్నవాడికి ఎవరైనా అడక్కుండా ఏదైనా చేసిపెడితే వద్దనడం కష్టం.

ఆ వానాకాలంలోనే మా పురపాలక సంఘం రోడ్ల పక్కన పన్నెండు వేల మొక్కలు నాటింది. అవి ఎక్కడో చలిదేశపు జాతివి. ఫోటోలో చాలా బాగున్నాయని ఎంపిక చేశారు. ప్రతి మొక్కకూ విధిగా ఒక ఊతకర్ర ఉండాలని పై నుంచి ఉత్తర్వు. చుట్టుపక్కల దొరికే కర్ర గిరిపుష్పమే కాబట్టి పన్నెండు వేల గిరిపుష్పం కర్రలు పాతి, మొక్కల్ని వాటికి కట్టారు. రెండు నెలల్లో పన్నెండు వేల మొక్కలూ ఎండిపోయాయి. పన్నెండు వేల కర్రలూ చిగురించాయి.

భాద్రపదంలో ఒక పొద్దున హరిత విభాగాధికారి త్రివిక్రమరావు గారు మా వీధిలో ఎండిన మొక్కలు చూసుకుంటూ వచ్చి, మా అరుగు మీద కూలబడ్డారు. వెనకే గవరమ్మ వచ్చి మెట్టు మీద కూర్చుంది. ఆమె ఆ విభాగంలో మొక్కలకు నీళ్ళు పోసే మనిషి. మా వీధికి పాతకాపు.

నేను ఇద్దరికీ మంచినీళ్ళు ఇచ్చాను.

"మనుగడ శాతం సున్నా, కామేశ్వరం గారూ," అన్నారు ఆయన గ్లాసు పట్టుకుని. "కనీసం అరవై నివేదించాలి. సున్నా రాద్దామన్నా వీల్లేదు. మా నమూనా పత్రంలో ఆ గడి రెండంకెలకు ఉద్దేశించినది."

"బతికినయ్యి లేకపోలేదు బాబూ," అంది గవరమ్మ. "కర్రలు బతికేయి. మొక్కలే సచ్చిపోనాయి."

"నువ్వు ఊరుకో గవరమ్మా."

ఆయన కళ్ళ కింద నల్లగా ఉంది. పాపం, రాత్రుళ్ళు నిద్ర ఉన్నట్టు లేదు. నాకు జాలేసింది.

"ఆమె అన్నదీ నిజమే కదండీ," అన్నాను. "పాతినవి పాతినట్టు పచ్చగానే ఉన్నాయి. మీరు మరీ మనసు కష్టపెట్టుకోకండి. మా పందిరి గుంజలు చూడండి, నాలుగూ చెట్లయి కూర్చున్నాయి."

త్రివిక్రమరావు గారు గ్లాసు కింద పెట్టారు. లేచి, పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళి, నాలుగు గుంజల చుట్టూ ఒక్కొక్క ప్రదక్షిణం చేశారు. తిరిగి వచ్చినప్పుడు ఆ ముఖం వేరు. నాకు రెండు చేతులా నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. ఒక మనిషిని తేలికపరిచి పంపాననుకుని ఆ పూట నేను తృప్తిగా భోంచేశాను.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది.

"ఏ కాండమైతే నేలయందు నిటారుగా నిలిచి, మణికట్టు మందమును, నడుము ఎత్తును కలిగి, మూడింటికి తక్కువ కాని ఆకులను ధరించి ఉండునో, అట్టి కాండము వృక్షముగా పరిగణింపబడును. అది ఏ ఉద్దేశముతో పాతబడినది అను విషయము అప్రస్తుతము."

దానితో మనుగడ శాతం ఒక్కసారిగా నూటికి పెరిగింది. మూడంకెలు పట్టేలా పత్రంలో గడి వెడల్పు చేయించారు. పన్నెండు వేల రేకు బిళ్ళలు వచ్చాయి, అంకెలు గుద్దినవి. గవరమ్మ సంచీ భుజాన వేసుకుని ఊరంతా తిరిగి కర్రకొక బిళ్ళ కట్టింది. వీధుల్లో కొన్ని కర్రలు ఎవరో వంటచెరకుకు పీక్కుపోయారు. ఆ లోటు పూడ్చడానికి ఇళ్ళలోని కర్రలు కూడా నమోదు చేసుకున్నారు. మా పందిరి గుంజలు మూడు వందల పదకొండు నుంచి మూడు వందల పద్నాలుగు.

పైవారు అభినందిస్తూ ఉత్తరం రాశారు. కింద చిన్న ప్రశ్న ఒకటి జోడించారు: "సదరు పన్నెండు వేల వృక్షములకు ఊతకర్రలు ఏవి?"

ప్రశ్న న్యాయమైనదే. ప్రతి వృక్షానికీ ఊతకర్ర ఉండాలన్న ఉత్తర్వు అమలులోనే ఉంది. కర్ర చెట్టు అయింది గనుక ఆ చెట్టుకు కర్ర లేదు. మరో పన్నెండు వేల కర్రలు వచ్చాయి. మా వీధి మలుపులో గవరమ్మ గునపంతో గొయ్యి తవ్వుతుంటే త్రివిక్రమరావు గారు గొడుగు వేసుకుని నిలబడి పర్యవేక్షించడం నేను చూశాను.

"కర్రకి కర్రేటి బాబూ?" అంది గవరమ్మ.

"అది కర్ర కాదు. వృక్షం. వృక్షానికి ఆధారం తప్పనిసరి."

"దీన్ని పాతితే ఇదీ సిగురిస్తాది."

"చిగురిస్తే మరీ మంచిది. ప్రగతి అంటే అదే."

"అప్పుడు దీనికో కర్ర కావాల కదా?"

"అది వచ్చే త్రైమాసికం సంగతి," అన్నారు ఆయన.

కార్తీకం వానలకు ఆ కర్రలూ చిగురించాయి. తరుగు రాకుండా సన్నవీ వంకరవీ కూడా తెచ్చి పాతారు కాబట్టి సర్క్యులర్‌కు సవరణలు వచ్చాయి. మొదటి సవరణలో మణికట్టు మందం తీసి రెండు వేళ్ళ మందం పెట్టారు. రెండో సవరణలో అది బొటనవేలి మందం అయింది. వాలిపోయిన కర్రలకు అన్యాయం జరగకుండా "నిటారుగా" అన్న మాట కొట్టేశారు. మూడో సవరణ వృక్షహింస గురించి. బిళ్ళ కట్టిన వృక్షాన్ని కదిలించడం, దాని ఆకు దూయడం, దానికి పశువును గాని, తాడును గాని, తీగను గాని కట్టడం నేరం.

సరిగ్గా ఇరవై నాలుగు వేల వృక్షాలు సాధించామని పైకి నివేదిక వెళ్ళింది. ఈ రెండో విడత పన్నెండు వేలకు ఊతకర్రలు ఏవని పైవారు అడిగారు. ఆ దస్త్రం పరిశీలనలో ఉందని విన్నాను.

ఈలోగా పట్టణం కొత్త పద్ధతికి అలవాటు పడింది. సంత వీధిలో రోడ్డు మీద గొయ్యి ఉంది. ఎవరూ పడకుండా గుర్తుగా ఎవరో పుణ్యాత్ముడు అందులో ఒక కర్ర గుచ్చాడు. అది చిగురించింది. గొయ్యి పూడిస్తే వేళ్ళకు గాలి ఆడదని ఇప్పుడు గొయ్యి చుట్టూ ఇటుకలు పేర్చి రక్షిస్తున్నారు. పాల అప్పన్న గేదెను కట్టే గుంజకు బిళ్ళ పడింది. అప్పటి నుంచి అతను పలుపుతాడు చేత్తో పట్టుకుని గేదె పక్కనే నిలబడుతున్నాడు. తాడు పట్టుకున్న మనిషి చిగురించడు గనుక అభ్యంతరం లేదన్నారట.

గౌరునాయుడు పెద్దకూతురి పెళ్ళి కార్తీకంలో జరిగింది. ఇంటి ముందు తాటాకు పందిరి వేశాడు. రాటలు పొలం గట్టువే. పదహారు రోజుల పండగ అయ్యాక పందిరి విప్పబోతే పన్నెండు రాటలూ ఆకులు తొడిగి ఉన్నాయి. గవరమ్మ కళ్ళు దించుకుని పన్నెండు బిళ్ళలు కట్టింది.

"పెళ్ళి పందిరి తియ్యడానికి లేదంటన్నారు మాస్టారూ," అన్నాడు గౌరునాయుడు మా గుమ్మం దగ్గర నిలబడి. "దారిన పోయేవోళ్ళు లోనికొచ్చి భోజనాలెప్పుడని అడుగుతన్నారు. పందిరెలాగూ ఉంది గదా, రెండోదానిక్కూడా సంబంధం సూసీమంటాది మా ఆడది. పిల్లకింకా డిగ్రీ అవనేదు."

నేను నవ్వాను. అప్పటికి మూడో సవరణ మా పెరటి దాకా వస్తుందని నాకు తట్టలేదు.

మార్గశిరంలో నా పేర నోటీసు వచ్చింది. "మీ ఆవరణలోని 311 నుండి 314 వరకు గల వృక్షములను ఒక తీగ ఆక్రమించి, వాటి స్వేచ్ఛాయుత ఎదుగుదలకు భంగము కలిగించుచున్నట్లు గమనించడమైనది. ఏడు దినములలోగా సదరు తీగను మొదలంటా తొలగించవలెను. లేనిచో విభాగమే తొలగించును."

తీగ నిండా పూత. కింది గుత్తుల్లో కాయ దిగింది. ఒకటి కోసి చీల్చి చూశాను. గింజ పాలు పట్టి, పసిపాప గోరులా మెత్తగా ఉంది. ఇప్పుడు కోస్తే కూరకు పనికొస్తుంది గానీ విత్తనానికి రాదు. చొక్కా మార్చుకుని మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాను.

త్రివిక్రమరావు గారు నన్ను చూసి లేచి కుర్చీ చూపించారు.

"ఆ గుంజలు పాతింది ఆ తీగ కోసమేనండి," అన్నాను.

"ఏ ఉద్దేశంతో పాతబడినది అన్నది అప్రస్తుతం కదండీ. మీకు తెలియనిది కాదు. ఆ వాక్యం నాకు మీ పెరట్లోనే స్ఫురించింది."

"నలభై రోజులు ఆగండి చాలు. కాయ ఎండితే తీగ తనంతట తనే పోతుంది."

"పై ఆఫీసు పెద్ద మేడమ్ తనిఖీ ఎనిమిదో రోజున. ఒక వృక్షం మీద ఒక తీగ కనబడిందంటే ఇరవై నాలుగు వేల మీదా అనుమానం వస్తుంది. చిక్కుడుకాయలదేముందండీ, బజార్లో..."

"ఆ విత్తనం బజార్లో లేదండి. మా ఆవిడది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత సొరుగు లాగి, ఒక్కొక్క పత్రమే తిప్పుతూ చాలాసేపు వెతికారు. నిజంగానే వెతికారు, నన్ను పంపించడానికి కాదు.

"గడువు పొడిగింపుకు నాలుగే కారణాలున్నాయి," అన్నారు చివరికి. "తుఫాను, అగ్నిప్రమాదం, ఎన్నికలు, న్యాయస్థానం స్టే. 'ఇతరములు' అనే గడి ఒకటి ఉండేది. అందరూ అందులోనే రాస్తున్నారని పోయిన ఏడు తీసేశారు."

"సరేలెండి," అన్నాను.

"ఒకటి మాత్రం చేయగలను. ఏడు రోజులూ పూర్తయ్యేదాకా ఎవరినీ పంపను. తనిఖీ రోజు మధ్యాహ్నమే వస్తాం. నా చేతిలో ఉన్నది అంతవరకే."

అదీ చిన్న దయ కాదు. చేతిలో ఉన్నదంతా ఇచ్చేవాళ్ళు ఎందరుంటారు?

ఆ సాయంత్రం గౌరునాయుడు ఉపాయం చెప్పాడు. "గుంజల ఆకులు దూసీండి మాస్టారూ. మూడుకి తక్కువైతే సెట్టు కాదు గదా!"

"ఆకు దూస్తే వృక్షహింస కదయ్యా."

"ఎవులు సూత్తారు?"

ఎవరూ చూడరు. కానీ తెల్లారితే మళ్ళీ చిగుళ్ళు వేస్తాయని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. పైగా నీడ ఇచ్చినవాటి ఆకులు దూయడానికి నా చేతులు రాలేదు. ఏడు రోజులూ రోజుకొక గుత్తి కాయలు తడిమి చూశాను. గట్టిపడతాయేమోనని ఆశ. చిక్కుడుకాయకు మన తొందర తెలియదు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఇద్దరూ వచ్చారు. గవరమ్మ చేతిలో కొడవలి, భుజాన బిళ్ళల సంచీ. త్రివిక్రమరావు గారి ముఖం మాత్రం నేను మొదట అరుగు మీద చూసిన రోజుకన్నా కనాకష్టంగా ఉంది. తీగ వైపు కూడా చూడకుండా కుర్చీలో కూర్చున్నారు.

"ఏమైందండీ?"

"సంత దగ్గర ఎద్దు వీపు గోక్కుంది. ఇరవై నాలుగు వేలవ వృక్షం విరిగిపోయింది."

గవరమ్మ సంచీలోంచి బిళ్ళ తీసి చూపించింది. దాని మీద 24000 అని గుద్ది ఉంది. ఎద్దు వెంట్రుకలు రెండు ఇంకా అంటుకుని ఉన్నాయి.

"ఇంకో కర్ర పాతుకోవచ్చు కదా."

"సాయంత్రం నాలుగింటికి మేడమ్ వస్తున్నారు. రెండు గంటల్లో మూడాకులు వేసే జాతి ఇంకా కనిపెట్టలేదు. ఆవిడ ఎక్కడికి వెళ్ళినా మొదటి వృక్షాన్ని, చివరి వృక్షాన్ని స్వయంగా చూస్తారట. మధ్యలోవి నమ్ముతారట." ఆయన రుమాలుతో మెడ తుడుచుకున్నారు. "పదకొండు నెలల్లో నా రిటైర్మెంటు, కామేశ్వరం గారూ."

నేను మంచినీళ్ళు తెచ్చాను. ఈసారి ఓదార్పు మాట ఏదీ అనకుండా జాగ్రత్తపడ్డాను.

గవరమ్మ కొడవలి పట్టుకుని పాదు దగ్గర గొంతుకూర్చుంది. మొదలు మీద చేయి వేసి కాసేపు అలాగే ఉంది. ఆమెను తొందరపెట్టేవాళ్ళు ఎవరూ లేరు. హైమవతి ఉన్నప్పుడు ఏటా గవరమ్మ ఒళ్ళో చిక్కుళ్ళు పోసి పంపడం నేను ఎన్నోసార్లు చూశాను.

"బాబూ," అంది తల తిప్పకుండా. "సెట్టంటే ఏటో రాసేరు కదా. ఓపాలి సదవండి."

"ఇప్పుడు అదెందుకు?"

"సదవండి బాబూ."

త్రివిక్రమరావు గారు జేబులోంచి సవరించిన సర్క్యులర్ తీశారు. అది ఆయన జేబులో ఎప్పుడూ ఉంటుంది. "ఏ కాండమైతే నేలయందు నిలిచి, బొటనవేలి మందమును, నడుము ఎత్తును కలిగి, మూడింటికి తక్కువ కాని ఆకులను..."

"సాలు." గవరమ్మ తన బొటనవేలు తీగ మొదలుకు ఆనించింది. "నాది మరీ లావు. ఓపాలి మీది ఎట్టి సూడండి."

ఆయన లేచి వంగారు. ఆఫీసులో పనిచేసిన బొటనవేలు కదా, గవరమ్మ వేలికన్నా సన్నమే. తీగ మొదలు దాన్ని మించిపోయింది.

"ఎత్తు మీకే తెలుస్తంది. ఆకులు లెక్కెట్టమంటారా?"

"ఇది తీగ, గవరమ్మా."

"తీగయితే సెట్టు కాదని అందులో రాసేరేటి?"

ఆయన కాగితం ముందువైపు చదివారు. వెనకవైపు తిప్పి చదివారు. ఎండకు ఎత్తి పట్టుకుని కూడా చూశారు. "నిటారుగా అని ఉండేది," అన్నారు నీరసంగా. "నేనే తీసేయించాను."

ఒక పిచ్చుక వచ్చి మూడు వందల పన్నెండు మీద వాలి వెళ్ళింది.

"మరి ఊతకర్ర?" అన్నారు చివరి ప్రయత్నంగా.

"నాలుగున్నాయి కదండీ," అన్నాను నేను.

"అవి వృక్షాలు."

"వృక్షానికి వృక్షం ఊతగా ఉండకూడదాండీ?"

త్రివిక్రమరావు గారు నా వంక చూశారు. "ఉండొచ్చు," అన్నారు మెల్లగా. "ఇరవై నాలుగు వేలూ అలాగే ఉన్నాయి. అసలు మన పథకమే అది."

గవరమ్మ కొడవలి సంచీలో వేసి, బిళ్ళను కొంగుతో తుడిచి, చిక్కుడు మొదలుకు కట్టింది. తీగ ఒరుసుకుపోకుండా వదులుగా కట్టింది.

నాలుగింటికి జీపు వచ్చింది. పెద్ద మేడమ్ పేరు మృణాళిని గారు. నెరిసిన జుట్టు, నలిగిన చీర, ఉదయం నుంచీ తిరుగుతున్న మనిషి. మునిసిపల్ గేటు దగ్గర ఒకటో నెంబరు చూసి, నేరుగా మా పెరట్లోకి వచ్చారు.

"స్థానిక జాతి వృక్షం, మేడమ్," అన్నారు త్రివిక్రమరావు గారు. "ఆరోహణ స్వభావం కలది. ఇతర వృక్షాలకు ఒక్కొక్క ఊత మాత్రమే ఉండగా దీనికి ఏకకాలంలో నాలుగు ఊతలు కల్పించడమైనది."

ఆవిడ పందిరి కిందికి వచ్చారు. ఊదా పూలను చూశారు. చేయి చాచి ఒక కాయను తెంపకుండా వేళ్ళ మధ్య తీసుకుని, ఆ అంచు వెంట బొటనవేలు నడిపారు. ఆవిడకు అది ఏమిటో తెలుసు. చిక్కుడుపాదును గుర్తుపట్టని మనిషి మన దేశంలో ఉంటుందా? త్రివిక్రమరావు గారు జేబులోని సర్క్యులర్ మీద చేయి వేసుకున్నారు.

"దీని వయసెంత?" అన్నారు ఆవిడ.

"అయిదు నెలలు మేడమ్."

"ముప్ఫై మూడేళ్ళండి," అన్నాను నేను. నోరు జారింది.

ఆవిడ నా వైపు తిరిగారు. తర్వాత పందిరి కింది ఒక్క కుర్చీని, దండెం మీది ఒక్క తువ్వాలును చూశారు. గొంతు తగ్గించి, ఆఫీసు భాష వదిలేసి అడిగారు.

"విత్తనానికి వదిలారా?"

"అవునమ్మా. ఇంకో నెల పైన పడుతుంది."

ఆవిడ తల ఊపి, రిజిస్టరు అడిగి, నిలబడే రాశారు. త్రివిక్రమరావు గారు ఆవిడ వెళ్ళాక నాకు చదివి వినిపించారు: "చివరి వృక్షము స్వయముగా పరిశీలించితిని. సంతృప్తికరము. ఫలములు పూర్తిగా పక్వమగు వరకు ఎవరును కోయరాదు. విభాగము బాధ్యత వహించవలెను."

ఆ రోజు నుంచి మాఘం దాకా హరిత విభాగం మా చిక్కుడుపాదుకు కాపలా కాసింది. గవరమ్మ రోజు విడిచి రోజు వచ్చి నీళ్ళు పోసింది. త్రివిక్రమరావు గారు వారానికొకసారి వచ్చి పక్వత శాతం రాసుకున్నారు. ఒకసారి పక్కింటి మేక తల దూర్చబోతే దాని యజమానికి సంజాయిషీ నోటీసు వెళ్ళింది. హైమవతి ఉన్న రోజుల్లో కూడా ఆ పాదుకు ఇంత మర్యాద జరగలేదు.

మాఘం చివర కాయలు ఎండి, గాలికి గలగలమన్నాయి. కోసి, చాపలో పరిచి, ఒలిచాను. స్టీలు గిన్నె నిండా గింజలు. బూడిద కలిపి ఇంగువ డబ్బాలో పోస్తే మూత పట్టలేదు. గవరమ్మ కొంగులో ఇన్ని ముడి వేసుకుంది. ఒక గుప్పెడు కవరులో పెట్టి మృణాళిని గారికి పంపాను. "అందినది. తగు స్థలమునందు భద్రపరచడమైనది" అని జవాబు వచ్చింది. ఆ తగు స్థలం మట్టేనని నా నమ్మకం. కవరు వెనకాల వేలిముద్ర ఒకటి మట్టిగా ఉంది.

తీగ తన పని అయిపోయిందన్నట్టు మొదలంటా ఎండిపోయింది.

ఫాల్గుణంలో త్రివిక్రమరావు గారు స్వయంగా నోటీసు పట్టుకుని వచ్చారు. నా చేతికి ఇవ్వడానికి మొహమాటపడ్డారు.

"మీకు ఇలా ఇవ్వాల్సి రావడం నాకు చాలా బాధగా ఉంది. నియమం నియమమే కదా."

తీసుకుని చదివాను. "మీ ఆవరణలోని 24000 నెంబరు వృక్షము మృతి చెందినట్లు గమనించడమైనది. వృక్ష మరణమునకు పరిహారముగా, అదే జాతికి చెందిన పది వృక్షములను మీ సొంత బాధ్యతపై నాటి, పెంచవలెను. ప్రతి వృక్షమునకు ఊతకర్ర తప్పనిసరి. ఇట్టి శిక్షకు మినహాయింపు లేదు."

రెండోసారి కూడా చదివాను. కళ్ళజోడు మసకబారితే తుడుచుకుని మూడోసారి చదివాను.

"అప్పీలు చేసుకోవచ్చు," అన్నారు ఆయన నా ముఖం చూసి కంగారుగా. "పైవారికి..."

"వద్దండి," అన్నాను. "శిక్ష ఎప్పటి నుంచి అమలు?"

"తొలకరి నుంచి."

"పది చాలంటారా?"

"అంతకు మించి శిక్షించే అధికారం నాకు లేదు," అన్నారు ఆయన.

సంగతి విని గౌరునాయుడు తన పెళ్ళి పందిరి కింద నుంచే కేక వేశాడు. "నానూ ఏదో నేరం సేత్తాను మాస్టారూ! నాకూ ఓ పదేయించండి! పన్నెండు రాటలు కాళీగా ఉన్నాయి!"

తొలకరికి పది పాదులు తీసి, పాదుకొక గింజ వేశాను. పదికి పదీ మొలిచాయి. గవరమ్మ పది బిళ్ళలు తెచ్చి పక్కన కర్రలకు తగిలించింది, మొలకలు ఎదిగాక మారుస్తానంది. త్రివిక్రమరావు గారు వచ్చి, శిక్ష సక్రమంగా అమలవుతున్నదని రాసుకుని, నా చేత సంతకం పెట్టించుకున్నారు. ఆయన రిటైరయ్యే లోపు కాయలు కాస్తాయా అని అడిగారు. కాస్తాయన్నాను.

నిన్న పొద్దున పదకొండోది కనబడింది. వంటింటి కిటికీ కింద, గోడ వారగా. మాఘంలో ఒలిచేటప్పుడు ఒక కాయ పేలి గింజ అటు ఎగిరినట్టుంది. దానికి నేను గుంజ పాతలేదు. అది కిటికీ ఊచను వెతికి పట్టుకుంది. హైమవతి పొయ్యి దగ్గర నిలబడి పెరట్లోకి చూసే కిటికీ అది.

ఆకులు మూడు దాటాయి. ఇంకా ఎవరికీ చెప్పలేదు.